గోల్స్ కాదు, గజాలు లెక్కపెట్టండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలకు ఐస్ హాకీ సంగతి తెలియదు. తెలిసుంటే ‘అరిజోనా కయోటీస్‌ని పోషించి చూడు’ అని మూడో ముక్క కూడా చేర్చి పోయేవారు.

కయోటీ అంటే అమెరికా ఎడారుల్లో రాత్రిళ్ళు ఊళపెట్టే జంతువు. నక్కకు అన్న వరస, తోడేలుకు తమ్ముడి వరస. ఈ వ్యాసం పూర్తయ్యేదాకా నక్క అనే అనుకుందాం. జంతువు ఏమీ అనుకోదు, జట్టు ఏమైనా అనుకుందామన్నా ఇప్పుడు లేదు. శీతాకాలంలో సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందకి దిగే కెనడా ఊరు విన్నిపెగ్ నుంచి, ఎండాకాలం నలభై అయిదు దాటే ఫీనిక్స్‌కి 1996లో కాపరం మార్చిన ఈ నక్క, 2023-24లో తన ఆఖరి సీజన్ ఆడింది. ఆటలు 82. గెలిచినవి 36, ఓడినవి 41, అదనపు సమయందాకా లాక్కెళ్ళి ఓడి, ఒక్క పాయింటు పుణ్యం దక్కించుకున్నవి 5. వెరసి 77 పాయింట్లు. ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు.

ఇది స్కోర్‌బోర్డు మీద రాసిన లెక్క. దాని వెనకాల ఇంకో లెక్క ఉంది. ఆ ఏడాది ఈ జట్టు గురించి నలుగురు మాట్లాడుకుంటే అందులో ముగ్గురు స్థలం గురించే మాట్లాడారు. కోచ్ ఆంద్రే టురిన్యీ ఎవర్ని ఎవరి పక్కన ఆడిస్తున్నాడో ఎవరికీ పట్టలేదు. ఎన్ని ఎకరాలు? ఎవరి పేరున ఉంది? అనుమతులు వచ్చాయా? వేలం ఎప్పుడు? ఆదివారం పూట కారెక్కించుకుని శంకరపల్లి వైపు వెంచర్ చూపించడానికి తీసుకుపోయే ఏజెంటు కూడా దారిలో టీ తాగేటప్పుడైనా క్రికెట్ ఊసెత్తుతాడు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేకపోయింది.

ముందు ఈ నక్క అద్దె ఇళ్ళ చరిత్ర కాస్త వినాలి.

మొదటి ఇల్లు ఫీనిక్స్ నడిబొడ్డున, బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరేనా. బాస్కెట్‌బాల్ కోర్టు చిన్నది, హాకీ రింకు పెద్దది. కొడుకు చొక్కాలో తండ్రిని దూర్చినట్టు రింకుని అందులో ఇరికించారు. దాంతో ఒక చివరనున్న వేల సీట్లలో కూర్చున్నవారికి తమ వైపు గోల్ కనబడేది కాదు. పూర్తి టికెట్టు, సగం ఆట. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఈ జట్టు ఆడిన తీరు చూసినవాళ్ళకి, అదొక దూరదృష్టితో చేసిన ఏర్పాటేమో అనిపించి ఉంటుంది.

రెండో ఇల్లు 2003 డిసెంబరులో. పడమటి శివారు నగరం గ్లెన్‌డేల్, ఇల్లరికపుటల్లుడి కోసం పత్తి అమ్మిన మామగారిలా, 18 కోట్ల డాలర్ల ప్రజాధనం పోసి అరేనా కట్టించింది. 2009లో అల్లుడు దివాలా పిటిషన్ పెట్టాడు. బ్లాక్‌బెర్రీ ఫోన్లు చేసే కంపెనీ పెద్ద జిమ్ బాల్సిల్లీ, డబ్బు సంచితో వచ్చి, నేను కొనుక్కుని కెనడాలో హామిల్టన్‌కి తీసుకుపోతానన్నాడు. నేషనల్ హాకీ లీగు ససేమిరా అంది. కోర్టుకెక్కి గెలిచింది. గెలిచిన ఊపులో జట్టుని తానే కొనేసింది. ప్రశ్నపత్రం తయారుచేసిన మాస్టారే హాల్‌టికెట్ తీసుకుని ముందు బెంచీలో కూర్చున్నట్టు, లీగే ఒక జట్టుకి యజమానై 2013 దాకా నడిపింది. ఫెయిలయింది కూడా.

ఆ ముచ్చటకి మామగారు చదివించిన కట్నం వినండి. అరేనా నడిపినందుకని గ్లెన్‌డేల్ వరసగా రెండేళ్ళు, ఏటా రెండున్నర కోట్ల డాలర్లు లీగుకి కట్టింది. 2013లో కొత్త యజమానులు దిగాక వాళ్ళకి ఏటా కోటిన్నర కట్టేలా ఒప్పందం రాసుకుంది. అద్దెకున్నవాడికి ఇంటివాడు నెలనెలా ఎదురు కట్టే పద్ధతి ఇది. మన కూకట్‌పల్లి ఓనర్ల చెవిన పడనివ్వకండి, పెద్ద వయసు వాళ్ళు, తట్టుకోలేరు.

మామగారికి 2021లో కళ్ళు తెరుచుకున్నాయి. రాబోయే సీజన్ అయ్యాక ఖాళీ చెయ్యమని ఆగస్టులో చెప్పేసింది గ్లెన్‌డేల్. డిసెంబరులో ఇంకో కాగితం వెళ్ళింది: దాదాపు 13 లక్షల డాలర్ల పన్ను బకాయి ఉంది, 20వ తేదీలోగా కట్టకపోతే తలుపులకు తాళం. మైదానంలో ప్రత్యర్థిని ఆపలేని జట్టు, పన్ను కట్టేటప్పుడు మాత్రం చురుగ్గా కదిలి గడువులోపలే కట్టేసింది. ఇదంతా మానవ తప్పిదం అని వివరణ ఇచ్చింది. నిజమే, నక్కలు పన్నులు కట్టవు. మానవులే కట్టాలి, మానవులే మర్చిపోవాలి.

మూడో ఇంటి కథ మన తెలుగువాళ్ళకి ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుంది. 2022లో ఈ జట్టు టెంపీలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌కి చేరింది. ఎమ్మెస్ చెయ్యడానికి మన పిల్లలు గుంపులుగా వెళ్ళే యూనివర్సిటీ అది. నలుగురు కలిసి ఒక అపార్టుమెంటు తీసుకుని, హాల్లో ఇద్దరు పడుకుని, వంట వంతులేసుకుని, సెమిస్టరు ఫీజు లెక్కలు చూసుకునే ఊళ్ళోనే, లక్షల డాలర్ల జీతగాళ్ళున్న నేషనల్ హాకీ లీగు జట్టు కూడా షేరింగ్ అకామడేషన్‌కి దిగింది. కాలేజీ జట్టు కోసం కట్టిన మలెట్ అరేనాలో ఈ జట్టు ఆటలకి పట్టేది 4,600 మంది. మిగతా జట్ల అరేనాల్లో పదిహేడు, పద్దెనిమిది వేలు మామూలు. మొదటి ఆటలప్పటికి అతిథి జట్లు బట్టలు మార్చుకునే గదులే తయారవలేదు. పక్కనున్న ప్రాక్టీసు రింకు దగ్గర పరదాలు కట్టి, పల్లెటూరి పెళ్ళిలో మగపెళ్ళివారికి విడిది ఏర్పాటు చేసినట్టు చేశారు. ఆ విడిదిలో దిగిన మొదటి చుట్టం ఎవరనుకున్నారు? విన్నిపెగ్. పాత కాపరం వదిలేసి వచ్చిన ఊరే, 2011లో అట్లాంటా నుంచి ఇంకో జట్టుని తెచ్చుకుని స్థిరపడి, పాత సంబంధం ఎలా ఉందో చూసిపోదామని వచ్చింది. చూసింది. గెలిచి మరీ వెళ్ళింది.

ఇదంతా తాత్కాలికం, సొంతిల్లు వచ్చేస్తోంది అన్నారు. అక్కడే గజాల కథ మొదలు.

హాకీ రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85. మన లెక్కలో పందొమ్మిది వందల గజాలు కూడా ఉండదు. కొంపల్లిలో కాస్త పెద్ద ఫంక్షన్ హాలు పార్కింగులో పట్టేస్తుంది. మరి ఆట కోసం టెంపీని అడిగిందెంత? విమానాశ్రయం పక్కన, ఒకప్పుడు ఊరి చెత్త పోసిన 46 ఎకరాల నగర స్థలం. అంటే రెండు లక్షల ఇరవై రెండు వేల గజాలు. ఒక్క రింకు కోసం వందకు పైగా రింకులు పట్టే నేల. అందులో అరేనాతో పాటు అపార్టుమెంట్లు, హోటళ్ళు, థియేటరు, దుకాణాలు. ఖర్చు 210 కోట్ల డాలర్లు. రంగురంగుల గ్రాఫిక్స్ వేశారు. గ్రాఫిక్స్‌లో చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి, మనుషులు ఎప్పుడూ సన్నగానే ఉంటారు, ట్రాఫిక్ ఎప్పుడూ ఉండదు. ఆ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పాయసంలో జీడిపప్పు కనబడాలి. ఆ పప్పుకే హాకీ అని పేరు. గిన్నె నిండా ఉన్నది మటుకు రియల్ ఎస్టేటు.

2023 మే 16న టెంపీ ఓటర్లు మూడు తీర్మానాల మీద ఓటేశారు. మూడింటినీ తిరగ్గొట్టారు. చెత్తకుప్ప చెత్తకుప్పగానే ఉండిపోయింది. పొరుగు వీధి గ్లెన్‌డేల్ మామగారి గతి చూసిన జనానికి ఇంకా పాఠం రాకపోతే ఎలా? సొంతిల్లు కల అక్కడ చెదిరిన నాలుగైదు నెలలకి, నెత్తిమీద కప్పు ఎన్నాళ్ళుంటుందో తెలియని ఆటగాళ్ళు స్కేట్లు కట్టుకుని 2023-24 సీజన్‌కి దిగారు.

సీజన్‌కి ముందు లీగు వీళ్ళని ఆస్ట్రేలియా పంపింది. మెల్‌బోర్న్‌లో టెన్నిస్ ఆడే రాడ్ లేవర్ అరేనాలో మంచు పరిచి, లాస్ ఏంజెలెస్ జట్టుతో రెండు ప్రదర్శన ఆటలు ఆడించింది. కంగారూల దేశంలో వచ్చిన జనం మలెట్ అరేనాలో పట్టేవాళ్ళకి రెండింతల పైమాటే. ఊళ్ళో ఇల్లు లేనివాడికి విదేశీ పర్యటనకి మాత్రం టికెట్టు దొరికింది.

తర్వాత జరిగింది చూస్తే నక్క తోక తొక్కిందేమో అనిపిస్తుంది, అదీ తన తోక తానే. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వరసగా అయిదు ఆటలు గెలిచారు. ఓడించింది ఎవర్ని? 2023 స్టాన్లీ కప్పు గెలిచిన వేగస్‌ని, 2022లో గెలిచిన కొలరాడోని, 2020, 2021లలో గెలిచిన టాంపా బేని, 2019లో గెలిచిన సెయింట్ లూయిస్‌ని, 2018లో గెలిచిన వాషింగ్టన్‌ని. ఆరేళ్ళ చాంపియన్లందర్నీ రెండు వారాల్లోపు వరసపెట్టి మట్టికరిపించిన జట్టు ఇది. ఇల్లు లేనివాళ్ళు ఇళ్ళున్నవాళ్ళందర్నీ కొట్టారు. అప్పుడు లీగులో ఎవరూ నవ్వలేదు.

నవ్వడానికి వాళ్ళు ఎక్కువకాలం ఆగక్కర్లేకపోయింది. జనవరి ఆఖరి వారంలో ఓటములు మొదలయ్యాయి. ఫిబ్రవరి అంతా అదే వరస. ఆ ఏడు లీపు సంవత్సరం, కాలం కనికరించి ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువిచ్చింది. ఆ రోజూ ఓడారు. మార్చి 1న ఆటవా మీద గెలిచేసరికి వరసగా పద్నాలుగు ఆటలు గెలుపు మొహం చూడలేదు. ఆ రోజుల్లోనే ఆటగాళ్ళ సంఘం పెద్ద, ఇంకెంతకాలం ఇలా, వేరే ఊరు చూసుకోండని బహిరంగంగానే అన్నాడు. ఆఫీసు మూసేస్తారని వాట్సాప్ గ్రూపులో పుకారు తిరుగుతుంటే ఏ గుమాస్తా ఫైలు సరిగ్గా చూస్తాడు చెప్పండి?

ఆ పద్నాలుగు ఓటముల్లో ఒకటి మాత్రం దగ్గరగా నిలబడి చూడాలి.

ఫిబ్రవరి 21. మలెట్ అరేనాకి టొరంటో వచ్చింది. ఆ జట్టులో ఆస్టన్ మాథ్యూస్ అనే కుర్రాడున్నాడు. పెరిగింది పక్కనే, స్కాట్స్‌డేల్‌లో. ఈ నక్కల ఆట చూసే, వాటి వెర్రిలో పడే హాకీ కర్ర పట్టాడు. కాక్టస్ ముళ్ళ మధ్య మొలిచి, 2016లో లీగు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వేళ, మొత్తం ప్రపంచంలో మొదటి ఎంపికయ్యాడు. టొరంటోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తన చిన్ననాటి ఊళ్ళో, తన చిన్ననాటి జట్టు మీద, ఆ సీజన్‌లో తన 50వ గోల్ కొట్టాడు. సీజన్ పూర్తయ్యేసరికి 69 కొట్టాడు. ఆ 4,600 మందిలో లేచి చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరికి కొట్టారో వాళ్ళకే తెలియాలి. కన్నకొడుకు పొరుగూరి పార్టీ జెండా పట్టుకుని మన వీధిలోకి వస్తే అమ్మ హారతివ్వాలా, తలుపేసుకోవాలా?

ఎడారిలో ఐస్ హాకీ ఏమిటి, విచిత్రం కాకపోతే అని వెక్కిరించేవాళ్ళకి ఆ కుర్రాడొక్కడే జవాబు. ఎడారిలో హాకీ మొలుస్తుంది. పొరుగునున్న వేగస్ కూడా ఎడారే. ఆ జట్టు పుట్టిన ఆరో సీజన్‌లోనే కప్పు ఎత్తింది. ఫ్లారిడాలో కొబ్బరిచెట్ల కింద రెండు జట్లు కప్పులు గెలిచాయి. కాబట్టి నేరం ఎండది కాదు, ఇసుకది అంతకన్నా కాదు. విత్తనం మొలిచింది, పంట పండింది. కళ్ళం చుట్టూ చేరినవాళ్ళు మాత్రం ధాన్యం వదిలేసి పొలాన్ని టేపుతో కొలుస్తూ కూర్చున్నారు.

ఇక జట్టు జీతాల పద్దు. ఇది మన పంచాయతీల్లో ఉపాధి హామీ మస్టర్లు రాసినవాళ్ళు వచ్చి పాఠం నేర్చుకోవలసిన విద్య. లీగులో ప్రతి జట్టూ జీతాలకి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక పైకప్పు ఉంటుంది, ఇంతకన్నా తగ్గకూడదని ఒక నేల కూడా ఉంటుంది. ఆ ఏడు నేల 6 కోట్ల 17 లక్షల డాలర్లు. నిజం ఆటగాళ్ళని కొని ఆ నేల దాకా చేరాలంటే నిజం డబ్బు కావాలి. అందుకని ఈ జట్టు ఏళ్ళ తరబడి ఒక చిట్కా పాటించింది. గాయాలతో ఇక ఎప్పటికీ మంచు మీదకి దిగలేనివాళ్ళ ఒప్పందాలు వేరే జట్ల దగ్గర భారంగా పడుంటాయి కదా, వాటిని తెచ్చుకోవడం. లీగు లెక్కలో కనబడే అంకె పెద్దది, చేతినుంచి పోయే సొమ్ము చిన్నది, అందులోనూ కొంత బీమా కంపెనీది. పైగా భారం దించినందుకు ఆ జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే హక్కులు బహుమానంగా ఇస్తాయి.

2023-24 పద్దు తెరిచి చూడండి. లీగు లెక్కలో ఈ జట్టు ‘జీతాల్లో’ అతి పెద్దది యాకుబ్ వొరాచెక్‌ది, 82 లక్షల 50 వేల డాలర్లు. రెండోది షియా వెబర్‌ది, 78 లక్షల పైన. విన్నిపెగ్‌లో గాయపడిన బ్రయాన్ లిటిల్‌ది ఇంకో 52 లక్షల పైన. ముగ్గురూ మంచి ఆటగాళ్ళే, మహానుభావులే. వెబర్‌ని 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేశారు. వాళ్ళ దెబ్బల్ని ఎగతాళి చేస్తే కళ్ళు పోతాయి. కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా ఈ జట్టు చొక్కాతో ఒక్క ఆట ఆడలేదు. మంచు మీద నిజంగా చెమటోడ్చినవాళ్ళలో అందరికన్నా ఎక్కువ, క్లేటన్ కెల్లర్‌ది 71 లక్షల 50 వేలు. హాజరైనవాడికన్నా హాజరుకానివాడికి అంకె పెద్దది. నేలలో మూడో వంతు ఈ ముగ్గురి పేర్ల మీదే నిలబడింది. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎక్కిన క్రిస్ ప్రాంగర్, ఆ సరికి ఈ జట్టు పద్దులో ఉంటూనే లీగు ఆఫీసులో వేరే ఉద్యోగం చేసుకుంటున్నాడు. మన ఊళ్ళో చనిపోయినవాడి పేరున పింఛను తీసేవాళ్ళు చాటుగా, భయంభయంగా తీస్తారు. ఇక్కడ అంతా నిబంధనల ప్రకారమే. అందుకే దాన్ని మోసం అనకూడదు, వ్యాపార నైపుణ్యం అనాలి.

ఈ పద్దులకి బయట, ఆట అనే పాత చాదస్తం పట్టుకుని వేళ్ళాడుతున్న ఒక ఇల్లుంది. షేన్ డోన్ అనే ఆయన 1995లో విన్నిపెగ్‌లో చేరి, జట్టుతో పాటే ఎడారికొచ్చి, ఇరవై ఒక్క సీజన్లు ఇదొక్క జట్టుకే ఆడాడు. 2017లో ఇక నీతో పనిలేదన్నారు. ఆయన కొడుకు జోష్ 2024 మార్చి 26న అదే జట్టు చొక్కా వేసుకుని మొదటి ఆట ఆడాడు. మొదటి ఆటలోనే రెండు గోల్స్ కొట్టాడు. ఆ రాత్రి నలభై ఆరు వందల సీట్ల ఆ చిన్న హాల్లో పుట్టిన చప్పుడు పద్దెనిమిది వేల సీట్ల అరేనాల్లో కొనుక్కుంటే దొరకదు. తండ్రి నౌకరీ ఇరవై ఒక్క సీజన్లు. కొడుకు నౌకరీ ఇరవై మూడు రోజులు. తర్వాత జట్టే లేదు.

ఎందుకు లేదంటే, ఆ ఇరవై మూడు రోజుల్లో గజాలు మళ్ళీ ముందుకొచ్చాయి. యజమాని అలెక్స్ మెరుయెలో ఈసారి ఫీనిక్స్ ఉత్తరాన వంద ఎకరాల పైచిలుకు ప్రభుత్వ భూమి చూపించాడు. వేలం జూన్ 27న, పాట మొదలు 6 కోట్ల 85 లక్షల డాలర్ల దగ్గర. అయిదు లక్షల గజాలు దాటాయి సుమా, రింకు మటుకు ఇంకా పందొమ్మిది వందల లోపే ఉంది. పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్ మేయరు మాకొద్దు మహాప్రభో అన్నాడు. 1993 నుంచి అదే కుర్చీలో కూర్చుని, ఎడారి జట్టుని చంకనెత్తుకు మోసిన లీగు కమిషనర్ గ్యారీ బెట్‌మన్‌కి కూడా ఇరవై ఎనిమిదేళ్ళకి చెయ్యి నొప్పి పుట్టింది. తెర వెనక బేరం నడిచింది. ఏప్రిల్ రెండో వారంలో, ఎడ్మంటన్‌లో ఆటకెళ్ళిన కుర్రాళ్ళకి అక్కడే చెప్పారు: మీరందరూ యూటా వెళ్తున్నారు. పిల్లల బడి, భార్య ఉద్యోగం, ఇంటి ఈఎమ్ఐ అన్నీ ఒక్క మాటతో సామాన్ల లారీ ఎక్కాయి.

ఏప్రిల్ 17న ఆఖరి ఆట. అవతల అదే ఎడ్మంటన్, ప్లేఆఫ్స్‌కి వెళ్తున్న జట్టు. ఇవతల రేపటికి పేరుండని జట్టు. మామూలుగా అయితే ఇలాంటి రోజు చేతులెత్తేస్తారు. వీళ్ళు 5-2తో గెలిచారు. గెలిచి లోపలికి పోలేదు, జనం ఇళ్ళకి పోలేదు. వెన్ను మీద పాత కెప్టెన్ షేన్ డోన్ పేరున్న చొక్కాల్లో వచ్చిన మనుషులు గాజు పలకలకి అరచేతులానించి నిలబడ్డారు, అవతలివైపు ఆటగాళ్ళు సంతకాలు పెడుతూ నిలబడ్డారు. పెళ్ళికూతుర్ని కారెక్కించాక కూడా కిటికీ అద్దం దించించి మాట్లాడుతూనే ఉంటారే, అలాగ. ఆ పెళ్ళిలో కట్నం ఎవరికి ముట్టిందన్నది మర్నాడు తెలిసింది.

ఏప్రిల్ 18న లీగు పెద్దలు బేరం ఖాయం చేశారు. యూటా జాజ్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని రయన్ స్మిత్ కట్టింది 120 కోట్ల డాలర్లు. అందులో 100 కోట్లు మెరుయెలోకి. మిగిలిన 20 కోట్లు లీగులోని ఇతర యజమానులు పంచుకున్నారు. వెలివేసిన ఇంటి దూలాలు కూడా వాటాలేసుకున్నారన్నమాట. 2019లో ఈ జట్టుని మెరుయెలో సుమారు 30 కోట్లకి కొన్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఈ అయిదేళ్ళలో ఇల్లు పోయింది, ఓటింగు పోయింది, ప్లేఆఫ్స్ పోయాయి, ఊరు పోయింది. రేటు మాత్రం మూడింతలు దాటింది. కప్పు గెలవడానికి కష్టపడే యజమానులెవరైనా ఉంటే ఈ పట్టిక చూసి ఇంటికెళ్ళి ఒకసారి ఆలోచించుకోవాలి.

బేరం రాసిన తీరు ఇంకా అందంగా ఉంది. జట్టు యూటాకి తరలిపోలేదట. యూటాది కొత్త జట్టట. కయోటీస్ చచ్చిపోలేదట, ‘క్రియాశీలంగా లేదట’ అంతే. ఆటగాళ్ళు, కోచ్‌లు, కర్రలు, స్కేట్లు సాల్ట్ లేక్ సిటీకి. పేరు, బొమ్మ, పాత రికార్డులు ఫీనిక్స్‌లో మెరుయెలో దగ్గర. అయిదేళ్ళలో అరేనా కట్టుకుంటే మళ్ళీ ప్రాణం పోస్తామన్నారు. చిన్నప్పుడు బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందంటే నోరు తెరుచుకుని విన్నాం. ఇప్పుడు చార్టర్డ్ అకౌంటెంట్లు, లాయర్లు కూర్చుని స్టాంపు పేపర్ల మీద అదే కథ రాస్తే చట్టం అంటున్నాం.

ఆ చిలక కూడా ఎన్నాళ్ళో బతకలేదు. జూన్ 21న రాష్ట్ర భూముల శాఖ వేలం రద్దు చేసింది. ఆ స్థలంలో అరేనా కట్టాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి, అది తెచ్చుకుని రమ్మంది. అనుమతి లేని వెంచర్! మనకిది వింత కాదు. వింత ఏమిటంటే, అక్కడ అధికారులు ఆ మాట రిజిస్ట్రేషన్‌కి ముందే చెప్పారు. నాలుగు రోజులు తిరక్కుండా మెరుయెలో ఆ అయిదేళ్ళ హక్కుని వదిలేసుకున్నాడు. భూమి లేనప్పుడు హాకీతో ఏం పని? పాయసమే లేనప్పుడు ఒట్టి జీడిపప్పు ఎవడిక్కావాలి?

నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన నేనెన్నడూ ఎరగనందని సామెత. ఈ నక్క ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది, అన్ని గాలివానలూ చూసింది. దివాలా చూసింది, తాళం నోటీసు చూసింది, ఎన్నికలు చూసింది. సొంత పైకప్పొక్కటే చూడలేదు.

జోష్ డోన్ ఏమయ్యాడని అడుగుతారేమో. యూటా జట్టు మొదటి ఏడాది పేరు లేకుండా ఆడి, 2025లో మామత్ అని పేరు పెట్టుకుంది, అంటే ఏనుగుల పాత చుట్టం. ఆ జూన్‌లోనే కుర్రాణ్ణి బఫెలోకి మార్చేసింది. నక్కల ఇంట పుట్టి, ఏనుగుల ఇంట కొన్నాళ్ళుండి, గేదెల పేరున్న ఊరు చేరాడు. తండ్రి ఇరవై ఒక్క సీజన్లు ఒకే చొక్కా ఉతుక్కున్నాడని ఆ అబ్బాయి తన పిల్లలకి చెబితే, కథలు చెప్పకు నాన్నా అంటారు.

మలెట్ అరేనాలో ఇప్పుడు యూనివర్సిటీ కుర్రాళ్ళు ఆడుకుంటున్నారు. అది మొదట్నించీ వాళ్ళదే. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయారు, ఇంటివాళ్ళ పిల్లలు హాల్లోకి వచ్చారు. గాజు పలకకి అరచేతులానించిన ఆ 4,600 మందికి 120 కోట్లలో పైసా వాటా రాలేదు. రాదు కూడా. వాళ్ళు ఆటకి వచ్చారు, ఆట చూశారు, లెక్క సరిపోయిందట.

కనుక, ఎప్పుడైనా మీ ఊరికెవరైనా వచ్చి, మీ పిల్లల ఆట కోసం అని మొదలుపెడితే, చేతిలో ఏముందో చూడండి. కర్ర ఉంటే కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి. టేపు ఉంటే, రింకు పందొమ్మిది వందల గజాలు చాలు బాబూ, మిగతాదెందుకని అడగండి. జవాబు చెప్పకుండా గ్రాఫిక్స్ తీస్తే మజ్జిగ గ్లాసు వెనక్కి తీసుకోండి.